కొరికే పిస్టల్

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఊరు బెల్ ఫోర్క్‌లో అందరికీ తెలుసు. ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపాను. వెనక సీట్లో ఎవడు ఎవడి జుట్టు పీకుతున్నాడో తల తిప్పకుండానే చెప్పేదాన్ని. అలాంటిదాన్ని ఆ నవంబరు శనివారం, గన్ క్లబ్బు భోజనాల దగ్గర, మా తమ్ముడు డారెల్ నలుగురిలో నన్ను తీసిపారేస్తుంటే గొంతు పెంచకుండా కూర్చున్నాను. నన్నెరిగినవాళ్ళు అప్పుడే కాస్త జాగ్రత్తపడి ఉండాల్సింది.

ఏటా మాజీ సైనికుల దినం వచ్చిన వారంలో మా క్లబ్బులో పాత పిస్టళ్ళ రోజు జరుపుతారు. పొద్దున ఎవరింట్లో ఉన్న పాత సైనిక పిస్టళ్ళు వాళ్ళు తెచ్చి బల్లల మీద పెడతారు. మధ్యాహ్నం జింక మాంసంతో చిల్లీ అనే కారపు కూర, మొక్కజొన్న రొట్టె, ఆ తర్వాత పోటీ. ఆ ఏడు నా బల్లా డారెల్ బల్లా పక్కపక్కనే పడ్డాయి. వాడి బల్ల మీద ఎర్ర మఖమలు పరిచిన చెక్కపెట్టెలో మా నాన్న పిస్టల్ ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం చివరి ఏడు సైన్యం కోసం తయారైనది. నా బల్ల మీద, పాత తువ్వాలు పరిచి, నా పిస్టల్ పెట్టుకున్నాను. ఆనాటి నమూనానే పొల్లుపోకుండా ఈ మధ్య మళ్ళీ తయారుచేసిన నకలు. బస్సు తాళాలు అప్పగించి రిటైరైన వారంలోనే కొనుక్కున్నాను.

వచ్చినవాళ్ళందరూ రెండింటినీ మార్చి మార్చి చూశారు. చూడాల్సిందే మరి. నాన్న పిస్టల్ మీద నల్లదనం వందేళ్ళలో అరిగి అరిగి, అంచుల దగ్గర పాత గరిటె రంగు తేలింది. నాదింకా కొత్త బూటులా నిగనిగలాడుతోంది. నాన్నదాన్ని చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల గలగలమంటుంది, నాది కిక్కురుమనదు. నాన్నదాని ట్రిగ్గర్ ఎన్ని వేళ్ళు నొక్కాయో, వెన్నలో దిగినట్టు దిగుతుంది. నాది ఇసుక తొక్కినట్టుంటుంది. ఇక మిగతాదంతా ఒకటే. అవే సన్నటి అక్షరాలు, గురి చూసుకోవడానికి అదే చీమ తలంత మొన, వెనకాల అదే ఇరుకు గాడి. కళ్ళు మూసుకుని పట్టుకుంటే ఏది ఏదో బరువును బట్టి చెప్పలేరు.

ఇదంతా నేను ఎవరికో చెబుతుంటే డారెల్ అందుకున్నాడు. వాడు చేతులకు తెల్లటి నూలు తొడుగులు వేసుకుని ఉన్నాడు, చెమట తగిలితే నాన్న పిస్టల్ పాడవుతుందట.

"ఎంత తుడిచినా నకలు నకలేనక్కా. నాన్నదాని పక్కన పెట్టుకుని పరువెందుకు తీసుకుంటావ్?" అన్నాడు.

నలుగురూ నవ్వారు. వాడి పక్కనే ప్రెంటిస్ విక్కమ్ నిలబడి ఉన్నాడు. ఆయన మా ఊరివాడు కాదు. నది అవతల ఊళ్ళో పెద్ద ఇల్లు, ఇంట్లో గదులన్నీ గాజు బీరువాలు, బీరువాల నిండా ఎవరెవరి తండ్రులవో తాతలవో పిస్టళ్ళు. ఏ ఏడు ఏ మర ఏ రంగులో వచ్చిందో ఆయనకు కంఠతా వచ్చు. ఆయన నవ్వలేదు, నా పిస్టల్ వంక ఒకసారి చూసి, పిల్లలు ఆడుకోవడానికి బాగానే ఉంటుందన్నట్టు తల పంకించాడు. అదే ఎక్కువ మండింది నాకు.

అసలు మంట వేరే ఉంది. పొద్దున కాఫీ దగ్గర తెలిసింది, నాన్న పిస్టల్‌ని డారెల్ విక్కమ్‌కి ఇచ్చేస్తున్నాడట. బదులుగా విక్కమ్ తన చేపల పడవ ఇస్తాడు. ఆ రోజు సాయంత్రమే మార్పిడి. నేను అక్కని, నాకు ముక్క కూడా చెప్పలేదు. నాన్న చేతిలో ఉన్న పిస్టల్ రేపటి నుంచి ఎవరో పరాయివాడి గాజు బీరువాలో, పక్కన చిన్న అట్ట ముక్క మీద సంవత్సరం రాసి ఉంటుంది. ఈ మాట వినగానే నాకు కాఫీ చేదైపోయింది.

మా నాన్న ఎమ్మెట్ రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీలో పోరాడి వచ్చాడు. అక్కడ ఆయన నడుముకున్నది ఇలాంటి పిస్టలే. ఆ తర్వాత చాన్నాళ్ళకి సైన్యం తన పాతవాటిని జనానికి అమ్మినప్పుడు ఒకటి తెప్పించుకున్నాడు. "నేను మోసింది కాదమ్మా, దాని తోబుట్టువు," అనేవాడు. నది ఒడ్డున మాకో కాస్త నేల ఉంది. ఆదివారాలు చర్చి నుంచి రాగానే నన్ను ట్రక్కులో ఎక్కించుకుని అక్కడికి తీసుకెళ్ళి, మట్టిగట్టు కింద డబ్బాలు పేర్చి కాల్పించేవాడు. డారెల్ నాకన్నా నాలుగేళ్ళు చిన్న. వాడికి ఆ శబ్దమంటే హడలు. చెవులు మూసుకుని ట్రక్కు లోపలే కూర్చునేవాడు.

ఆ పాత నమూనా పిస్టళ్ళకి ఒక దుర్గుణం ఉంది, అవి కొరుకుతాయి. ట్రిగ్గర్ నొక్కగానే పిస్టల్ పైనుండే జారుడు ఉక్కు ముక్క, స్లైడ్ అంటారు, వెనక్కి దూకుతుంది. దాని దెబ్బకి వెనకాల కొమ్ములా ఉండే సుత్తి కిందికి వంగి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుండే మెత్తని చర్మాన్ని చటుక్కున కరుచుకుంటుంది. తర్వాత వచ్చిన రకాలకి పిడి పైన తోకలా ఉండే ముక్కని పొడుగు చేసి ఆ బాధ తప్పించారు. పాతదానికి మాత్రం తప్పదు. మొదటిసారి కొరికినప్పుడు నాకు పదకొండేళ్ళు. బొటబొటా రక్తం. ఏడుపు మింగుకుంటూ పిడి కిందికి జార్చి పట్టుకున్నాను. నాన్న నా చెయ్యి మళ్ళీ పైకి జరిపాడు. పట్టు పైకి ఉంటేనే పిస్టల్ ఎగిరిపడదట, సరిగ్గా పట్టుకున్నవాళ్ళనే అది కొరుకుతుందట.

"కొరకనీ. పట్టు మాత్రం వదలకు," అన్నాడు.

ఆయన చేతి మీద అక్కడే ఒక తెల్లటి మచ్చ ఉండేది. నాకూ పడింది. ఇప్పటికీ ఉంది.

నాన్న పోయాక అమ్మ ఇంట్లో సామాన్లు పంచింది. పిస్టల్ మగపిల్లాడికి, కుట్టుమిషన్ ఆడపిల్లకి అంది. అందరూ అదే న్యాయమన్నారు. నది ఒడ్డు నేల మాత్రం నాన్న ఉండగానే నా పేర రాసేశాడు. నేను కుట్టుమిషన్ మీద పిల్లల గౌన్లూ కర్టెన్లూ కుట్టుకుంటూ కూర్చున్నాను. డారెల్ పిస్టల్‌ని మఖమలులో పడుకోబెట్టాడు. పెద్దయ్యాక శబ్దమంటే భయం పోయి, క్లబ్బులో వాడు కొత్త రకం పిస్టళ్ళతోనే సాధన చేసేవాడు, బాగానే కాల్చేవాడు కూడా. నాన్నదాన్ని మాత్రం ఏడాదికొకసారి తుడవడానికి తప్ప బయటికి తీసేవాడు కాదు. ముప్పై ఏళ్ళకు పైగా నేను దాన్ని తాకలేదు. నకలు కొనుక్కున్నది అందుకే. మొదటిరోజే అది నా చెయ్యి కొరికింది. నది ఒడ్డున ఒక్కదాన్నే నిలబడి, ఆ రక్తం చూసుకుని, పిచ్చిదానిలా నవ్వుకున్నాను.

సరే, భోజనాల దగ్గరికి వస్తాను. నవ్వులన్నీ అయ్యాక నేను రొట్టె ముక్క కింద పెట్టి చేతులు తుడుచుకున్నాను.

"పక్కన పెట్టక్కర్లేదులేరా. పక్కన నిలబడి కాలుద్దాం," అన్నాను.

"దేనికి?"

"నువ్వు గెలిస్తే నది ఒడ్డు నేల తీసుకో. నీ పడవ కట్టుకోవడానికి ఒడ్డు కావాలిగా. నేను గెలిస్తే నాన్న పిస్టల్ నాతో వస్తుంది."

బల్లల దగ్గర చెంచాల చప్పుడు ఆగిపోయింది. ఆ ఒడ్డు కోసం డారెల్ రెండేళ్ళుగా నా చుట్టూ తిరుగుతున్నాడు. పడవ దింపడానికి అంతకన్నా మంచి చోటు ఆ నది పొడుగునా లేదు. వాడు విక్కమ్ వంక చూశాడు. విక్కమ్ ఒక క్షణం ఆలోచించి, అసలుదానికి నకలేం పోటీ అన్నట్టు భుజాలెగరేశాడు. ఆ భుజాలే డారెల్‌కి ధైర్యమిచ్చాయి. సరేనన్నాడు.

పోటీలు నడిపేది హార్లన్ పిట్‌మన్. నాన్న స్నేహితుడు, ఎనభై దాటాయి, మాకు చిన్నప్పట్నుంచీ హార్లన్ బాబాయే. ఆయన టోపీ సర్దుకుంటూ లేచి, అసలుకీ నకలుకీ పందెం పడితే ఈ క్లబ్బు ఆనవాయితీ ఏమిటో గుర్తుచేశాడు. ముందు ఎవరి పిస్టల్‌తో వాళ్ళు ఐదు గుండ్లు కాల్చాలి. తర్వాత పిస్టళ్ళు మార్చుకుని ఇంకో ఐదు. రెండూ కలిపి లెక్క. ఎవరి పేరు చెప్పుకుని ఎవరు గెలిచారో, పిస్టలో, చెయ్యో, అప్పుడే తేలుతుందన్నాడు. మార్చుకున్నప్పుడు చేతికి కొత్త కాబట్టి రెండేసి గుండ్లు లెక్కలోకి రాకుండా కాల్చి చూసుకోవచ్చు. పిస్టల్ ఎవరి చేతిలో ఉంటే ఆ కాసేపూ అది వాళ్ళదే, గురి సర్దుకున్నా తప్పులేదు.

తినడం మానేసి అందరూ మా వెనకాల చేరారు. పాతిక గజాల దూరంలో రెండు కాగితాలు, ఒక్కో కాగితం మీద ఒక నల్ల గుండ్రం. పాత పద్ధతి కాబట్టి ఒంటిచేత్తోనే కాల్చాలి, రెండో చెయ్యి జేబులో.

మొదటి గుండు నేను కాల్చలేదు, నా కోపం కాల్చింది. పడవ గుర్తొచ్చి వేలు బిగుసుకుంది. గుండు కాగితానికే తగలకుండా గట్టు మట్టిలో దూరింది. వెనకాల ఎవరో అయ్యో అన్నారు. నన్ను నేను తిట్టుకుని, ఊపిరి సగం వదిలి, మిగతా నాలుగూ నెమ్మదిగా వేశాను. అవి చక్కగా నలుపులో పడ్డాయి. డారెల్ నూలు తొడుగులతోనే కాల్చాడు. వాడికి చెయ్యి స్థిరమే, ఒప్పుకోవాలి. ఐదూ ఒక గుప్పెట్లో పట్టేంత దగ్గరగా పడ్డాయి, కానీ మధ్యలో కాదు, ఎడమ అంచున. హార్లన్ బాబాయ్ రెండు కాగితాలూ పక్కపక్కన పట్టుకుని కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు కూడాడు. ఇద్దరికీ సమానం.

"అంటే కొత్తదానికీ పాతదానికీ తేడా లేదన్నమాట," అన్నాడు వెనక నించి ఎవరో.

విక్కమ్ ఆ మాటకి చీదరించుకున్నాడు. నేను మాత్రం డారెల్ కాగితం వంకే చూస్తున్నాను. ఐదు గుండ్లు కలిసికట్టుగా ఒకే పక్కకి పోయాయంటే అది చెయ్యి తప్పు కాదు. నాన్న పిస్టల్ ఎడమకి కొట్టడం నేనెన్నడూ చూడలేదు. దానికి ఏమైందా అని ఒక దిగులు పట్టుకుంది.

పిస్టళ్ళు మార్చుకున్నాం. ముందు డారెల్ వంతు. వాడు నా పిస్టల్ చేతిలోకి తీసుకుని, నకలుకి తొడుగులెందుకని వాటిని విప్పి జేబులో పెట్టుకున్నాడు. రెండు గుండ్లు చూసుకోవచ్చని హార్లన్ బాబాయ్ అంటే, బొమ్మతో సాధన ఏమిటి బాబాయ్ అని నవ్వాడు. కొత్తరకం పిస్టల్ని పట్టుకునే అలవాటు చొప్పున పిడిని బాగా పైకి బిగించి, చెయ్యి చాచి, కాల్చాడు.

సరిగ్గా నట్టనడుమ పడింది. ఆ రోజు మొత్తానికీ అంత చక్కటి గుండు ఇంకొకటి లేదు. అందరూ చప్పట్లు కొట్టారు. నది ఒడ్డు వాడి పడవ కింద పోయినట్టే కనిపించింది.

కానీ డారెల్ చప్పట్లు వినడం లేదు. చెయ్యి దగ్గరకు తీసుకుని చూసుకుంటున్నాడు. బొటనవేలి మొదట్లో చర్మం చిట్లి, మణికట్టు మీదుగా రక్తం కారుతోంది. అరవై ఏళ్ళు నెత్తికొచ్చినవాడు, జీవితంలో మొదటిసారి ఆ పిస్టల్ కాటు తిన్నాడు. ఇందాక నాన్నది కూడా కొరికే ఉంటుంది, తొడుగు అడ్డం వచ్చి తెలిసుండదు.

"ఇదేంటి, కరుస్తోంది?" అన్నాడు వాడు.

"అసలుదానిలాగే చేశారు మరి," అన్నాడు హార్లన్ బాబాయ్. ఈసారి నవ్వులు వాడి మీద పడ్డాయి.

వాడు పంతానికి పోయి చెయ్యి తుడుచుకుని మళ్ళీ నిలబడ్డాడు. కానీ ఆ చెయ్యి నాకు తెలుసు. అది నా పదకొండేళ్ళ చెయ్యి. పిడి మీద పట్టు రెండు వేళ్ళు కిందికి జారింది. గుండు పేలకముందే కళ్ళు చిట్లించాడు. పిస్టల్ ఎగిరిపడింది. రెండోది పైకి పోయింది, మూడోది కిందికి. నాలుగూ ఐదూ నల్ల గుండ్రం చుట్టూ ఈగల్లా వాలాయి. వాడు పిస్టల్ని బల్ల మీద పెట్టి, ఎవరి వంకా చూడకుండా వెనక్కి వచ్చేశాడు.

నా వంతు వచ్చింది. నాన్న పిస్టల్ చేతిలోకి తీసుకున్నాను. ఏమని చెప్పను. ముప్పై ఏళ్ళ తర్వాత పుట్టింటి గడపలో కాలుపెట్టినట్టుంది. పిడి చెక్కలు నా అరచేతిని గుర్తుపట్టాయి. కళ్ళు చెమర్చాయి. కాల్చేటప్పుడు అది మంచిది కాదు, అందుకని కాసేపు ఆగాను.

తర్వాత చూసుకునే గుండు ఒకటి వేశాను. ఎడమకి పోయింది. పట్టు సరిచూసుకుని ఇంకోటి వేశాను. అదీ అక్కడే, ఎడమకే. వెనకాల విక్కమ్ గొంతు సవరించుకోవడం వినబడింది. పందెం లెక్కలోకి రాని గుండ్లు రెండూ అయిపోయాయి, ఇక అన్నీ లెక్కే.

పిస్టల్ కిందికి దించి, స్లైడ్ మీద ఇష్టంగా బొటనవేలు రాశాను. చిన్నప్పుడు అలా రాస్తూ కూర్చునేదాన్ని. వెనకాల గురి గాడి ఉన్న ముక్క పక్కన, వేలి కింద ఏదో తగిలింది. వంగి చూశాను. వెంట్రుకంత సన్నటి గీత. ముక్క మాత్రం ఆ గీత దగ్గర లేదు, దానికి ఎడమగా, స్లైడ్‌కి సరిగ్గా నడిమధ్య కూర్చుని ఉంది.

నాకు ఆ సాయంత్రం మొత్తం కళ్ళ ముందుకొచ్చింది. ట్రక్కు వెనక తలుపు దించి, దాని మీద పిస్టల్ పెట్టుకుని, నాన్న ఆ ముక్కని ఇత్తడి పుల్లతో కొంచెం కుడికి తట్టడం, నేను కాల్చడం, మళ్ళీ తట్టడం. గుండు మధ్యలో పడ్డాక జేబుకత్తి మొనతో అక్కడ గీత గీశాడు. మధ్యలో ఉంటే అందంగానే ఉంటుంది గానీ ఇక్కడుంటేనే తగులుతుంది అన్నాడు. ఏ పిస్టల్ పుట్టుక దానిదని, దీనిది కొంచెం వంకర అని కూడా అన్నాడు.

"ఈ గాడి ముక్కని ఎవరు జరిపారు?" అని అడిగాను.

విక్కమ్ ముందుకొచ్చాడు. కిందటి నెల డారెల్ చూడమని ఇచ్చినప్పుడు తనే జరిపించానన్నాడు, గర్వంగానే. ఎవరో మొరటువాడు దాన్ని పక్కకి తోసేశాడట, ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉందో అలా మధ్యకి తెచ్చి సరిచేయించాడట. పక్కనున్న గీత మాత్రం చెరపడం కుదరలేదట, అది పిస్టల్‌కి తీరని గాయమట.

"ఆ మొరటువాడు మా నాన్న," అన్నాను.

నేను హార్లన్ బాబాయ్ వైపు తిరిగి, గురి సర్దుకోవచ్చా అని అడిగాను. ఆయన విక్కమ్ వంకా గీత వంకా చూశాడు.

"ఇప్పుడది నీ చేతిలో ఉంది తల్లీ. నీ ఇష్టం."

వందేళ్ళనాటి వస్తువు మీద సుత్తి వెయ్యకండని విక్కమ్ బతిమాలాడు. మధ్యలో లేకపోతే తన బీరువాలో దానికి చోటుండదన్నాడు. అంతకన్నా మంచి కబురు నాకింకేం కావాలి. పిస్టల్ని ఖాళీ చేసి, పనిబల్ల మీద నుంచి ఇత్తడి పుల్లా చిన్న సుత్తీ తీసుకుని, పుల్లని ముక్కకి ఆనించి తట్టాను. విక్కమ్ మొహం తిప్పుకున్నాడు. ఇంకోసారి తట్టాను. ముక్క మెల్లగా జరిగి, నాన్న గీత మీద కూర్చుంది. అక్కడ ఎన్నేళ్ళు ఉందో, ఆ చోటు దానికి ఒదిగిపోయింది.

వెళ్ళి నిలబడ్డాను. రెండో చెయ్యి జేబులో పెట్టుకున్నాను. పిడిని ఎంత పైకి పట్టుకోవచ్చో అంత పైకి పట్టుకున్నాను. మొదటి గుండు పేలింది, పాత మచ్చ మీదే చురుక్కుమంది. నాకు పడవా గుర్తు లేదు, విక్కమూ గుర్తు లేడు. చిన్న మొనా, ఇరుకు గాడీ, నల్ల గుండ్రం, అంతే. రెండు. ఎక్కడో నది వాసన వచ్చినట్టయింది. మూడు. నాలుగు. అయిదోదానికి ముందు రక్తం మణికట్టు దాకా వచ్చి వెచ్చగా ఉంది. కొరకనీ అనుకున్నాను.

హార్లన్ బాబాయ్ కాగితం తెచ్చి అందరికీ కనిపించేలా పైకెత్తాడు. ఐదు చిల్లులూ నట్టనడుమ ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి, నాణెం పెట్టి మూసెయ్యొచ్చు. క్లబ్బంతా ఒక్కసారిగా గోల. కూడికలు అక్కర్లేదు, అయినా ఆయన పద్ధతి మనిషి కాబట్టి కూడాడు. నన్ను పట్టుకుని ఊపేసినవాళ్ళు, వీపు చరిచినవాళ్ళు, నా బస్సులో ఎక్కి పెద్దవాళ్ళయిన ముగ్గురు మీసాలవాళ్ళు, అందరూ మీద పడ్డారు. నేను గర్వంగానే ఉన్నాను. అణకువ నటించడం నాకు చేతకాదు. విక్కమ్ ఎవరికీ చెప్పకుండా తన కారెక్కాడు, ఆయన పడవ ఆయనకే మిగిలింది.

డారెల్ మఖమలు పెట్టె తెచ్చి నా ముందు పెట్టాడు. మాటకి కట్టుబడినవాడే, అందులో వంక లేదు. పెట్టె నాకక్కర్లేదన్నాను. చేతిరుమాలు తీసి వాడి చెయ్యి లాక్కుని కట్టు కట్టాను. చిన్నప్పుడు ఇలాగే కట్టేదాన్ని, సైకిలు మీంచి పడినప్పుడల్లా. వాడు కట్టు వంకే చూస్తూ అన్నాడు.

"ఆయన నన్నెప్పుడూ రమ్మని పిలవలేదక్కా. నిన్నే దింపుకునేవాడు ట్రక్కులోంచి. ఆ పిస్టల్ పెట్టె తెరిచినప్పుడల్లా అదే గుర్తొచ్చేది. అందుకే పోతే పోనీ అనుకున్నా."

ఈ మాట నేనెన్నడూ వినలేదు. నా కోపం ఎటు పోయిందో పోయింది. నువ్వు చెవులు మూసుకునేవాడివి కదరా, నిన్ను ఏడిపించడం ఎందుకని ఊరుకుని ఉంటాడని చెప్పాను.

"నీ మొదటి గుండు చూసుకున్నావా?" అని అడిగాను.

"నడిమధ్య పడింది. ఏదో గాలివాటుగా."

"గాలివాటు కాదు. సరిగ్గా పట్టుకున్నావు కాబట్టే కొరికింది. తర్వాత భయపడి చెయ్యి దింపావు. నాన్న ఉంటే అదే చెప్పేవాడు."

వాడు చెయ్యి మళ్ళీ చూసుకున్నాడు, ఈసారి వేరేగా. నేను నా తువ్వాలులో నకలుని చుట్టి వాడి చంకలో పెట్టాను. నాన్నది ఇస్తానేమోనని ఆశగా చూశాడు గానీ, అంత మంచిదాన్ని కాదు నేను. గెలుచుకున్నది గెలుచుకున్నదే. ఆదివారం చర్చి అవగానే నది ఒడ్డుకి రమ్మన్నాను, పడవ లేకపోయినా ఒడ్డు ఎక్కడికీ పోలేదని చెప్పాను.

వచ్చాడు. మట్టిగట్టు కింద డబ్బాలు నేనే పేర్చాను. వాడు ట్రక్కు లోపల ఒక్క క్షణం అలాగే కూర్చున్నాడు. నేను వెళ్ళి తలుపు తీసి, దిగరా అన్నాను. దిగాడు. మొదటి డబ్బా ఎగిరింది, వాడి చేతి మీద మానీ మానని కాటు మళ్ళీ చిట్లింది. వాడు చెయ్యి కిందికి జార్చబోయాడు, నేను వెనక నించి పైకి జరిపాను. నేను నోరు తెరిచేలోపు వాడే అన్నాడు, కొరకనీ అక్కా అని. మిగతా డబ్బాలు ఒకదాని తర్వాత ఒకటి పడ్డాయి.